ఫార్మాట్ తర్వాత వైఫై పోయిందా? పేరు కాదు, నంబరు చదవండి: కమాండ్‌తో కంప్యూటర్ భాగాలను గుర్తుపట్టి సరైన డ్రైవర్ వేసుకునే విధానం

గాంధీనగర్ (బళ్లారి): పాత ల్యాప్‌టాప్‌కి ఫార్మాట్ కొట్టించి ఇంటికి తెచ్చుకున్నాక చాలా ఇళ్లలో జరిగేది ఒకటే. సిస్టమ్ వేగంగా ఆన్ అవుతుంది, తెర కొత్తగా కనబడుతుంది. కానీ వైఫై గుర్తు ఉండదు, లేదా శబ్దం రాదు, లేదా అక్షరాలు గుమ్మడికాయంత పెద్దగా కనబడతాయి. ప్రింటర్ తీగ పెడితే ఉలుకూ పలుకూ ఉండదు. ఇవన్నీ యంత్రం చెడిపోయిన లక్షణాలు కావు. చాలాసార్లు అది డ్రైవర్ లేకపోవడం మాత్రమే. ఒక భాగంతో ఎలా మాట్లాడాలో ఆపరేటింగ్ సిస్టమ్‌కు చెప్పే చిన్న ప్రోగ్రామునే డ్రైవర్ అంటారు.

మా ఇంట్లోనూ ఇదే జరిగింది. అమ్మాయి సీఈటీ ఆప్షన్ ఎంట్రీకి రెండు రోజుల గడువుంది. ఫార్మాట్ చేసి ఇచ్చిన అంగడివాళ్లు "వైఫై కార్డు పోయింది, కొత్తది వేయాలి" అన్నారు. ఇంటర్నెట్‌లో వెతికితే "అన్ని డ్రైవర్లూ ఒక్క నొక్కుతో" అనే ప్రోగ్రామ్ దొరికింది. అది ఇరవైకి పైగా లోపాలు చూపించి, బాగు చేయాలంటే డబ్బు కట్టమంది. చివరికి బెంగళూరులో ఉన్న మా అక్క కొడుకు ఫోన్ చేసి, "మామా, నల్ల తెర తెరువు. నేను చెప్పే అక్షరాలు కొట్టి, ఏమొచ్చిందో చదువు" అన్నాడు. చదివిన ఎనిమిది అక్షరాలతో సరైన డ్రైవర్ ఏదో తేలిపోయింది. కార్డు బాగానే ఉంది, డబ్బు ఖర్చు కాలేదు, ఆప్షన్లు ఆ రాత్రే నింపాం.

ఆ ఎనిమిది అక్షరాలు ఏమిటి, వాటిని ఎలా చదవాలి, చదివాక ఎక్కడికి వెళ్లాలి అనేదే ఈ వ్యాసం. పక్కన పెట్టుకుని అవసరమైనప్పుడు చూసుకోండి. పిల్లలు బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉండి ఇక్కడ పెద్దవాళ్లే ఉన్న ఇళ్లలో, ఫోన్‌లో ఒకరు చెబుతూ ఒకరు కొట్టడానికి కూడా పనికొస్తుంది.

ఇంటిపేరు, పెట్టిన పేరు

కంప్యూటర్‌లోని వైఫై కార్డు, సౌండ్ చిప్, గ్రాఫిక్స్ చిప్, నెట్‌వర్క్ పోర్టు వంటి భాగాలు దాదాపు అన్నీ పీసీఐ అనే పద్ధతిలో మదర్‌బోర్డుకు కలిసి ఉంటాయి. బయటి నుంచి తగిలించే ప్రింటర్, మౌస్, పెన్‌డ్రైవ్ యూఎస్‌బీ పద్ధతిలో కలుస్తాయి. ఈ రెండు పద్ధతుల్లోనూ ప్రతి భాగం లోపల తయారీదారు రాసి పెట్టిన గుర్తింపు సంఖ్య ఉంటుంది. అందులో రెండు ముక్కలు. మొదటి నాలుగు అక్షరాలు వెండర్ ఐడీ, అంటే చిప్ చేసిన కంపెనీ నంబరు. తర్వాతి నాలుగు డివైస్ ఐడీ, అంటే ఆ కంపెనీ చేసిన ఫలానా మోడల్ నంబరు.

మన లెక్కలో చెప్పాలంటే వెండర్ ఐడీ ఇంటిపేరు, డివైస్ ఐడీ పెట్టిన పేరు. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు వెళ్లాయి, బళ్లారి మైసూరు రాష్ట్రంలో చేరింది. కాగితాల మీద రాష్ట్రం మారింది గానీ మన ఇళ్లలో ఎవరి ఇంటిపేరూ మారలేదు. ఈ చిప్‌ల సంగతీ అంతే. ల్యాప్‌టాప్ పైన ఏ కంపెనీ బొమ్మ ఉన్నా, విండోస్ తీసి లైనక్స్ వేసినా, పది సార్లు ఫార్మాట్ చేసినా, డ్రైవర్ ఉన్నా లేకపోయినా లోపలి నంబరు మారదు.

వెండర్ ఐడీలను పీసీఐ భాగాలకు పీసీఐ-సిగ్ అనే సంస్థ, యూఎస్‌బీ భాగాలకు యూఎస్‌బీ-ఐఎఫ్ అనే సంస్థ కేటాయిస్తాయి. ఇంటెల్ నంబరు 8086. అది 1978లో ఆ కంపెనీ తెచ్చిన ప్రాసెసర్ పేరే.

ఈ నంబర్లు పదహారు గుర్తుల లెక్కలో ఉంటాయి. 0 నుంచి 9 దాకా అంకెలు, ఆ తర్వాత ఏ, బీ, సీ, డీ, ఈ, ఎఫ్ అనే ఆరు ఇంగ్లీషు అక్షరాలు. ఇంకే అక్షరమూ రాదు. కాబట్టి గుండ్రంగా కనిపించేది ఓ కాదు, సున్నా. 8కీ బీకీ మాత్రం తేడా చూసి చదవండి.

కమాండ్లు చదివే పద్ధతి

ఇక్కడ కమాండ్లను పలికినట్టు తెలుగులో రాసి, వెంటనే ఒక్కో ఇంగ్లీషు అక్షరం చెబుతున్నాం. కొట్టేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాలు వాడండి. "ఖాళీ" అంటే స్పేస్ మీట. "స్లాష్" అంటే ప్రశ్నార్థకం మీట మీదుండే కుడివైపు వాలిన గీత. "డ్యాష్" అంటే సున్నా పక్కనుండే చిన్న అడ్డగీత. చివర ఎంటర్ నొక్కాలి. గుర్తింపు కోసం ఇచ్చే కమాండ్లు చదివి చూపించేవి మాత్రమే, దేనినీ చెరపవు. మార్పు చేసే కమాండ్లు వచ్చినప్పుడు అక్కడే చెబుతాం.

విండోస్‌లో

మొదటి మెట్టు: స్టార్ట్ నొక్కి సి, ఎమ్, డి అని కొట్టండి. కమాండ్ ప్రాంప్ట్ కనబడుతుంది. దాని మీద కుడి బటన్ నొక్కి "రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్" ఎంచుకోండి. నల్ల తెర తెరుచుకుంటుంది.

రెండో మెట్టు: మీ కంప్యూటర్ మోడల్ ఏదో తెలుసుకోండి.

సిస్టమ్‌ఇన్ఫో

(ఎస్, వై, ఎస్, టి, ఇ, ఎమ్, ఐ, ఎన్, ఎఫ్, ఓ, మధ్యలో ఖాళీ లేదు.)

కొన్ని క్షణాల్లో పెద్ద జాబితా వస్తుంది. అందులో మూడు వరుసలు రాసుకోండి. సిస్టమ్ మాన్యుఫాక్చరర్ అంటే తయారీదారు, సిస్టమ్ మోడల్ అంటే మోడల్, సిస్టమ్ టైప్ అంటే 64 బిట్‌దా 32 బిట్‌దా అనేది. 64 బిట్ విండోస్‌కు 32 బిట్ డ్రైవర్ పనిచేయదు. అంగడిలో అసెంబుల్ చేయించిన కంప్యూటర్ అయితే మోడల్ దగ్గర అర్థంలేని మాటలు ఉండవచ్చు. కంగారు పడకండి, అసలు పని తర్వాతి మెట్టులో ఉంది.

మూడో మెట్టు: ఏ భాగానికి డ్రైవర్ లేదో కంప్యూటర్‌నే అడగండి.

పీఎన్‌పీయుటిల్ /ఎన్యూమ్-డివైసెస్ /ప్రాబ్లమ్

(పి, ఎన్, పి, యు, టి, ఐ, ఎల్; ఖాళీ; స్లాష్; ఇ, ఎన్, యు, ఎమ్; డ్యాష్; డి, ఇ, వి, ఐ, సి, ఇ, ఎస్; ఖాళీ; స్లాష్; పి, ఆర్, ఓ, బి, ఎల్, ఇ, ఎమ్.)

విండోస్ 11లోనూ, అప్‌డేట్ అయిన విండోస్ 10లోనూ ఇది ఇబ్బందిలో ఉన్న భాగాలను మాత్రమే చూపిస్తుంది. ఒక్కో భాగానికీ ఇన్‌స్టెన్స్ ఐడీ అనే వరుస ఉంటుంది. అందులో వెన్ అనే మూడు అక్షరాల తర్వాత వచ్చే నాలుగు వెండర్ ఐడీ, డెవ్ తర్వాత వచ్చే నాలుగు డివైస్ ఐడీ. యూఎస్‌బీ భాగమైతే వెన్, డెవ్ బదులు విఐడీ, పిఐడీ అని ఉంటుంది. ఆ వరుసను ఫోన్‌తో ఫొటో తీసుకోండి. చేత్తో రాస్తే ఒక్క అక్షరం తప్పినా వేరే చిప్ అయిపోతుంది.

ఉదాహరణకు వెన్ తర్వాత 10ఈసీ, డెవ్ తర్వాత సీ821 ఉందనుకోండి. 10ఈసీ అంటే రియల్‌టెక్. సీ821 అంటే ఆ కంపెనీవారి ఆర్‌టీఎల్8821సీఈ అనే వైఫై చిప్. ల్యాప్‌టాప్ మీద ఎక్కడా ఈ పేరు ఉండదు. నంబరు చదివితేనే తెలుస్తుంది.

అదే వరుసలో సబ్‌సిస్ అని మరో ఎనిమిది అక్షరాలుంటాయి. వాటిలో చివరి నాలుగు చిప్ చేసినవారివి కావు, ఆ కార్డును తమ ల్యాప్‌టాప్‌లో పెట్టి అమ్మినవారి నంబరు. 103సీ అయితే హెచ్‌పీ, 1028 డెల్, 17ఏఏ లెనోవో, 1043 ఆసుస్, 1025 ఏసర్. అడుగున స్టిక్కర్ అరిగిపోయిన ల్యాప్‌టాప్ ఎవరిదో ఇలా కూడా తెలుసుకోవచ్చు.

మీ విండోస్‌లో ఈ కమాండ్ రాకపోతే స్టార్ట్ మీద కుడి బటన్ నొక్కి డివైస్ మేనేజర్ తెరవండి. పసుపు గుర్తున్న భాగం మీద రెండుసార్లు నొక్కి, డీటెయిల్స్ పుటలో హార్డ్‌వేర్ ఐడీస్ ఎంచుకుంటే అవే నంబర్లు కనబడతాయి. పాత పుస్తకాల్లో, వీడియోల్లో డబ్ల్యూమిక్ అనే కమాండ్ చెబుతుంటారు. కొత్త విండోస్ 11లో అది ముందుగా వేసి రావడం లేదు. పనిచేయకపోతే తప్పు మీది కాదు.

ఇబ్బంది కోడ్ ఏం చెబుతుంది

ప్రాబ్లమ్ కోడ్ అనే వరుసలో ఒక అంకె ఉంటుంది. ఇంట్లో తరచూ ఎదురయ్యేవి నాలుగు.

28: డ్రైవర్ వేయలేదు. ఇది మంచి వార్తే, డ్రైవర్ వేస్తే సరిపోతుంది.

10: డ్రైవర్ ఉంది కానీ భాగం మొదలు కాలేదు. తప్పు డ్రైవరో, పాత డ్రైవరో అయి ఉండవచ్చు.

22: ఎవరో ఆ భాగాన్ని ఆపేశారు. డివైస్ మేనేజర్‌లో ఎనేబుల్ నొక్కితే చాలు.

43: భాగమే లోపం చెప్పింది కాబట్టి విండోస్ ఆపేసింది. ఒకసారి పూర్తిగా ఆపి మళ్లీ వేసి, డ్రైవర్ మార్చి చూడండి. అప్పటికీ తగ్గకపోతే భాగం చెడిపోయి ఉండే అవకాశం ఎక్కువ.

అంగడికి వెళ్లే ముందు ఈ అంకె ఒక్కటి తెలిసి ఉంటే మాట తీరే మారిపోతుంది. కోడ్ 28 ఉన్న వైఫైకి "కార్డు పోయింది" అని ఎవరైనా అంటే, ముందు డ్రైవర్ వేసి చూడమని ధైర్యంగా అడగవచ్చు.

తరచూ కనిపించే ఇంటిపేర్లు

పీసీఐ భాగాలు:
8086: ఇంటెల్
1002: ఏఎమ్‌డీ గ్రాఫిక్స్
10డీఈ: ఎన్విడియా
10ఈసీ: రియల్‌టెక్
14ఈ4: బ్రాడ్‌కామ్
168సీ: క్వాల్‌కామ్ ఎథెరాస్
14సీ3: మీడియాటెక్

యూఎస్‌బీ భాగాలు:
03ఎఫ్0: హెచ్‌పీ
04ఏ9: కానన్
04బీ8: ఎప్సన్
046డీ: లాజిటెక్
0బీడీఏ: రియల్‌టెక్
0403: ఎఫ్‌టీడీఐ
067బీ: ప్రొలిఫిక్

లైనక్స్‌లో

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కి టీపీఎమ్ 2.0, కొత్త తరం ప్రాసెసర్ కావాలి కాబట్టి బాగా నడిచే పాత కంప్యూటర్లు చాలా వరకు దానికి పనికిరావు. అలాంటి వాటిని పాత సామాన్లకు వేసేముందు లైనక్స్ చూడటం మంచిది. ఉబుంటు, డెబియన్, మింట్ వంటివి ఉచితం. సీడాక్ సంస్థ చేసిన బాస్ లైనక్స్ కూడా డెబియన్ ఆధారంగా వచ్చినదే, అందులో తెలుగు సహా భారతీయ భాషలకు ఏర్పాటు ఉంది. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, హార్డ్‌డిస్క్‌ను తాకకుండానే నడిపి చూడవచ్చు. అలా చూసేటప్పుడే భాగాలు గుర్తుపట్టిందో లేదో కనుక్కోవాలి.

టెర్మినల్ తెరిచి ఇది కొట్టండి.

ఎల్‌ఎస్‌పీసీఐ -ఎన్‌ఎన్‌కే

(ఎల్, ఎస్, పి, సి, ఐ, ఖాళీ, డ్యాష్, ఎన్, ఎన్, కె.)

చెక్ ప్రోగ్రామర్ మార్టిన్ మారెష్ మొదలుపెట్టిన పీసీఐ పనిముట్లలో ఇదొకటి. లోపలి భాగాలన్నిటినీ వరుసగా చూపిస్తుంది. రెండు ఎన్‌లు పేరుతోపాటు నంబరు కూడా ఇవ్వమని, కె ఏ డ్రైవర్ నడుస్తోందో చెప్పమని.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. ప్రతి వరుసలో చదరపు బ్రాకెట్లలో రెండు రకాల సంఖ్యలుంటాయి. ముందు వచ్చేది భాగం రకం. 0200 అంటే తీగ నెట్‌వర్క్, 0280 అంటే ఎక్కువగా వైఫై, 0300 అంటే గ్రాఫిక్స్, 0403 అంటే సౌండ్. ఇది ఇంటిపేరు కాదు, వృత్తి పేరు లాంటిది. వరుస చివర్లో మధ్యన రెండు చుక్కలతో ఉండేదే అసలు గుర్తింపు, 10ఈసీ:సీ821 లాగా. వెతకాల్సింది దాన్నే.

ఆ వరుస కింద "కెర్నెల్ డ్రైవర్ ఇన్ యూజ్" అని ఉంటే డ్రైవర్ నడుస్తోందని అర్థం. ఆ మాట లేకుండా "కెర్నెల్ మాడ్యూల్స్" మాత్రమే ఉంటే డ్రైవర్ ఉంది గానీ పట్టుకోలేదు. రెండూ లేకపోతే ఈ కెర్నెల్‌లో దానికి డ్రైవర్ లేదు.

మూడు సందర్భాలకూ మందు వేరు.

డ్రైవర్ అసలు లేకపోతే ముందు కెర్నెల్ వయసు చూడండి. యునేమ్ -ఆర్ (యు, ఎన్, ఎ, ఎమ్, ఇ, ఖాళీ, డ్యాష్, ఆర్) అని కొడితే దాని సంఖ్య వస్తుంది. లైనక్స్‌లో ఎక్కువ డ్రైవర్లు కెర్నెల్‌తోనే వస్తాయి. పైన చెప్పిన సీ821 చిప్‌కు 2020లో వచ్చిన 5.9 కెర్నెల్ నుంచి లోపలే డ్రైవర్ ఉంది. అంతకన్నా పాత లైనక్స్ వేసి "వైఫై రావడం లేదు" అని తల పట్టుకునే బదులు కొత్త విడుదల వేసుకుంటే సరిపోతుంది.

డ్రైవర్ ఉన్నా పట్టుకోకపోతే ఫర్మ్‌వేర్ లేకపోయి ఉండవచ్చు. ఫర్మ్‌వేర్ అంటే చిప్ లోపలికి ఎక్కించాల్సిన కంపెనీవారి ఫైలు. సుడో డీమెసేజ్ (ఎస్, యు, డి, ఓ, ఖాళీ, డి, ఎమ్, ఇ, ఎస్, జి) కొట్టి ఎర్ర వరుసల్లో ఫర్మ్‌వేర్ అనే మాట వెతకండి. ఏ ఫైలు దొరకలేదో పేరుతో సహా రాసి ఉంటుంది. డెబియన్ వేసుకునేవారికి ఇది పాత తలనొప్పి. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఇలాంటి ఫర్మ్‌వేర్‌ను ఇన్‌స్టాల్ చేసే ప్రతిలోనే ఇస్తున్నారు.

కొన్ని బ్రాడ్‌కామ్ వైఫై చిప్‌లకు, ఎన్విడియా గ్రాఫిక్స్‌కు కంపెనీవారి డ్రైవర్ విడిగా వేయాల్సి వస్తుంది. 14ఈ4:4365 అలాంటి వైఫై చిప్‌లలో ఒకటి. ఉబుంటులో ఉబుంటు-డ్రైవర్స్ డివైసెస్ అని ఇంగ్లీషులో కొడితే (మొదటి రెండు మాటల మధ్య డ్యాష్, తర్వాత ఖాళీ) ఏ భాగానికి ఏ డ్రైవర్ మంచిదో అదే సూచిస్తుంది. ఆ తర్వాత అడిషనల్ డ్రైవర్స్ నుంచి వేసుకోవచ్చు.

ప్రింటర్, తూకం, బిల్లు యంత్రం

యూఎస్‌బీతో తగిలించేవాటికి లైనక్స్‌లో ఎల్‌ఎస్‌యూఎస్‌బీ (ఎల్, ఎస్, యు, ఎస్, బి) అని కొట్టాలి. తీగ పెట్టకముందు ఒకసారి, పెట్టాక ఒకసారి కొట్టి పోల్చండి. కొత్తగా చేరిన వరుసే మీ ప్రింటర్. ఏ వరుసా చేరకపోతే అది డ్రైవర్ సమస్య కాదు. తీగో, పోర్టో, యంత్రమో చూడాలి. డ్రైవర్ లేని భాగం కూడా తన నంబరు చెబుతుంది. నంబరే చెప్పని భాగానికి ఏ డ్రైవరూ ప్రాణం పోయలేదు.

మన వీధి జిరాక్స్ అంగళ్లలోనూ, ఇళ్లలోనూ ఇంకా నడుస్తున్న కానన్ ఎల్‌బీపీ2900 ప్రింటర్‌ను చూడండి. నంబరు 04ఏ9:2676. ఇది క్యాప్ట్ అనే కానన్ సొంత భాషలోనే మాట్లాడుతుంది. మామూలు ప్రింటర్ డ్రైవర్లు ఏవి వేసినా పలకదు, క్యాప్ట్ డ్రైవరే కావాలి. హెచ్‌పీ ప్రింటర్లకు లైనక్స్‌లో హెచ్‌పీలిప్ అనే ప్యాకేజీ ఉంది, అది చాలా మోడళ్లకు పనిచేస్తుంది.

జీన్స్ యూనిట్లలో, దుకాణాల్లో తూకం యంత్రాన్నో పాత బిల్లు యంత్రాన్నో కంప్యూటర్‌కు కలిపే యూఎస్‌బీ-సీరియల్ తీగల దగ్గర ఇంకో చిక్కుంది. వాటిలో 067బీ:2303 నంబరుతో వచ్చే ప్రొలిఫిక్ చిప్ ఎక్కువ. ఈ నంబరును నకళ్లు చేసేవారు కూడా రాసుకున్నారు. ఇంటిపేరు అబద్ధం చెప్పినట్టన్నమాట. కంపెనీ కొత్త డ్రైవర్ అలాంటి నకిలీ చిప్‌ను, 2012లో ఆపేసిన కొన్ని పాత రకాలను ఒప్పుకోదు, కోడ్ 10 చూపిస్తుంది. నిన్నటిదాకా నడిచిన తీగ విండోస్ మార్చాక ఆగిపోతే కారణం ఇదే కావచ్చు. కొత్త డ్రైవర్లు ఎన్ని వేసినా ఫలం ఉండదు, మంచి తీగ కొనుక్కోవడమే తక్కువ ఖర్చు. నంబరును నమ్మకూడని సందర్భాల్లో ఇదొకటి.

నంబరు దొరికింది, డ్రైవర్ ఎక్కడ?

ఈ వరుసలోనే వెళ్లండి.

1. విండోస్ అప్‌డేట్. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ లోపల ఆప్షనల్ అప్‌డేట్స్ అని ఉంటుంది. చాలా డ్రైవర్లు అక్కడే ఎదురుచూస్తుంటాయి.

2. ల్యాప్‌టాప్ కంపెనీ సపోర్ట్ పేజీ. సిస్టమ్‌ఇన్ఫో ఇచ్చిన మోడల్ పేరుతో వెతకండి. ఒకే మోడల్‌లో రెండు మూడు రకాల వైఫై కార్డులు పెట్టి అమ్ముతారు, అందుకే అక్కడ వైఫై పేరుతో అనేక డ్రైవర్లు కనబడతాయి. మీ వెండర్ ఐడీ చెప్పిన కంపెనీదే దించుకోండి.

3. చిప్ కంపెనీ పేజీ. ఇంటెల్, ఏఎమ్‌డీ, ఎన్విడియా నేరుగా డ్రైవర్లు ఇస్తాయి.

4. మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ కేటలాగ్. వెన్, డెవ్ నంబర్లు ఉన్నది ఉన్నట్టు వెతుకు పెట్టెలో వేయవచ్చు. కంపెనీ పేజీలు మూతపడిన పాత భాగాలకు ఇది మంచి ఆసరా.

ఈ నాలుగు చోట్లా డ్రైవర్ ఉచితం. డబ్బు అడిగినా, ముందు తమ "డౌన్‌లోడర్" వేసుకోమన్నా ఆ కిటికీ మూసేయండి. డ్రైవర్ కంప్యూటర్ లోలోపలికి చేరే ప్రోగ్రామ్. తెలియని చోటి నుంచి తెచ్చి వేసుకోవడమంటే బ్యాంకు పాస్‌వర్డులు కొట్టే యంత్రం తాళంచెవి దారినపోయేవాడి చేతిలో పెట్టడమే.

వైఫై డ్రైవరే లేనప్పుడు డ్రైవర్ దించుకోవడం ఎలా అనే ప్రశ్న వస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్‌ను చార్జర్ తీగతో కంప్యూటర్‌కు కలిపి, ఫోన్ సెట్టింగులలో హాట్‌స్పాట్ కింద యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. విండోస్‌లోనూ లైనక్స్‌లోనూ దీనికి వేరే డ్రైవర్ సాధారణంగా అవసరం రాదు. మా ఇంట్లో ఆ రాత్రి గట్టెక్కించింది ఈ తీగే.

ఫార్మాట్‌కు ముందు రోజు చేయాల్సిన పని

అన్నిటికన్నా మేలైనది, డ్రైవర్లు పోకముందే దాచుకోవడం. డి డ్రైవ్‌లోనో పెన్‌డ్రైవ్‌లోనో డ్రైవర్స్ అనే ఖాళీ ఫోల్డర్ చేసి, అడ్మినిస్ట్రేటర్ నల్ల తెరలో ఇది కొట్టండి.

పీఎన్‌పీయుటిల్ /ఎక్స్‌పోర్ట్-డ్రైవర్ * డి:\డ్రైవర్స్

(పి, ఎన్, పి, యు, టి, ఐ, ఎల్, ఖాళీ, స్లాష్, ఇ, ఎక్స్, పి, ఓ, ఆర్, టి, డ్యాష్, డి, ఆర్, ఐ, వి, ఇ, ఆర్, ఖాళీ, నక్షత్రం గుర్తు, ఖాళీ, డి, రెండు చుక్కలు, ఎడమవైపు వాలిన గీత, డి, ఆర్, ఐ, వి, ఇ, ఆర్, ఎస్. పెన్‌డ్రైవ్ అయితే మొదటి డి బదులు దాని అక్షరం.)

బయటి కంపెనీల డ్రైవర్లన్నీ ఆ ఫోల్డర్‌లోకి నకలు అవుతాయి. దాన్ని పెన్‌డ్రైవ్‌లో జాగ్రత్త చేయండి. ఫార్మాట్ అయ్యాక డివైస్ మేనేజర్‌లో ఇబ్బంది ఉన్న భాగం మీద కుడి బటన్ నొక్కి, అప్‌డేట్ డ్రైవర్, తర్వాత బ్రౌజ్ మై కంప్యూటర్ ఎంచుకుని ఈ ఫోల్డర్ చూపిస్తే విండోస్ తనకు కావాల్సింది తానే తీసుకుంటుంది. ఈ ఒక్కటి మార్పు చేసే పని కాబట్టి 28 కోడ్ ఉన్న భాగాలకే చేయండి. బాగా నడుస్తున్న భాగాల జోలికి వెళ్లకండి.

మనవాళ్లు అడిగే కొన్ని సందేహాలు

*ఫార్మాట్ తర్వాత తెలుగు టైప్ కావడం లేదు. ఏ డ్రైవర్ వేయాలి?*
అది డ్రైవర్ సంగతి కాదు. విండోస్‌లో తెలుగు కీబోర్డు లోపలే ఉంటుంది. సెట్టింగులలో లాంగ్వేజ్ దగ్గరికి వెళ్లి తెలుగు చేర్చుకోవాలి. కన్నడ కూడా అలాగే చేర్చుకోవచ్చు, రెండూ పక్కపక్కనే ఉంటాయి.

*జాబితాలో వైఫై కార్డే కనబడటం లేదు.*
నంబరు చెప్పని భాగమంటే కార్డు ఊడి ఉండవచ్చు, బయోస్‌లో ఆపి ఉండవచ్చు, నిజంగానే చెడిపోయి ఉండవచ్చు. మన ఊరి దుమ్ముకు కార్డు కాళ్లు మురికి పట్టడమూ ఉంది. అప్పుడు అంగడికి వెళ్లడమే సరైన పని.

*డ్రైవర్‌తో పాటు బయోస్ కూడా అప్‌డేట్ చేయమంటోంది.*
అవసరం లేకపోతే వద్దు. చేసే మధ్యలో కరెంటు పోతే మదర్‌బోర్డే మొరాయిస్తుంది. చేయక తప్పకపోతే బ్యాటరీ నిండుగా పెట్టుకుని, చార్జర్ తగిలించి చేయండి.

*ఈ నంబర్ల ఫొటో ఇతరులకు పంపవచ్చా?*
వెండర్, డివైస్ నంబర్లు పంపవచ్చు, అవి ఆ మోడల్ చిప్‌లన్నిటికీ ఒకటే. కంప్యూటర్ సీరియల్ నంబరు, సిస్టమ్‌ఇన్ఫోలో కనిపించే మీ పేరు, ప్రొడక్ట్ ఐడీ మాత్రం మూసి పంపండి.

ఒక కాగితం ముక్క

ఈ వారం తీరిక ఉన్నప్పుడు, అన్నీ బాగా నడుస్తుండగానే, ఇంట్లో ఉన్న కంప్యూటర్‌లో ఒక్కసారి ఈ కమాండ్లు కొట్టి చూడండి. తయారీదారు, మోడల్, వైఫై నంబరు, సౌండ్ నంబరు, గ్రాఫిక్స్ నంబరు, ప్రింటర్ నంబరు ఒక కాగితం మీద రాసి, వారంటీ బిల్లుతో కలిపి పెట్టండి. మూడో మెట్టులో కమాండ్ చివరి మాట ప్రాబ్లమ్ బదులు కనెక్టెడ్ (సి, ఓ, ఎన్, ఎన్, ఇ, సి, టి, ఇ, డి) అని కొడితే నడుస్తున్న భాగాలన్నీ కనబడతాయి. రేపు దరఖాస్తు గడువు రోజునో, పింఛను కాగితం ప్రింటు తీయాల్సిన పొద్దుననో యంత్రం మొండికేస్తే, ఎవరు ఏ కథ చెప్పినా మీ చేతిలో ఆ కాగితం ఉంటుంది. ఫోన్ అవతల పిల్లలున్నా, ఎదుట అంగడివాళ్లున్నా ముందుగా అందులోని నంబరు చదివి వినిపించండి.